రెండో గుండీ లేని కోటు

మా నల్లపాడులో స్టేషనుకు వెళ్లే దారిలో రమ్య అనే అమ్మాయి ఈమధ్య ఫోటోల కొట్టు పెట్టింది. నాకు మనవరాలి వయసుంటుంది. మొన్న కూరగాయలకని బయల్దేరిన నన్ను కేకేసి పిలిచి, కుర్చీ వేసి, కంప్యూటర్లో ఒక పాత ఫోటో చూపించింది. సిపాయి కోటు వేసుకున్న ఇరవై ఏళ్ల కుర్రవాడు. మీసం ఇంకా సరిగ్గా రాలేదు. రమ్య ఏదో మీట నొక్కింది. ఆ కుర్రవాడు కళ్లార్పాడు. మెడ కొంచెం పక్కకు తిప్పి నవ్వాడు.

"రెండో ప్రపంచ యుద్ధంలో పోయాడంట మార్తమ్మ గారూ. వాళ్ల తమ్ముడి మనవడు తెచ్చిచ్చాడు. ఇది చూసి ఇంట్లో అందరూ ఏడ్చేశారంట తెలుసా!" అంది సంబరంగా.

నేను ఆ నవ్వు చూడలేదు. కోటు చూశాను. పైనుంచి రెండో గుండీ లేదు.

ఆ పూట కూరగాయలు కొనలేదు. ఇంటికొచ్చి మంచం మీద వాలితే, పగటి కునుకులో ఆ కోటే కనిపించింది. ఒకడు విప్పుతున్నాడు, ఇంకొకడు తొడుక్కుంటున్నాడు. వెనకాల వరసలో చాలామంది నిలబడి ఉన్నారు. మెలకువ వచ్చేసరికి సాయంత్రం రైలు కూత పెట్టి వెళ్లిపోతోంది.

మీ పని గురించి రాసివ్వండి, మాలాంటివాళ్లకు పనికొస్తుంది అని రమ్య చాలా రోజులుగా అడుగుతోంది. పాత ఫోటోలు బాగుచేసి బతికినదాన్ని నేను. ముప్పై ఏళ్లకు పైగా అదే పని. జీతం ఎప్పుడు పెరిగింది, సొంత బోర్డు ఎప్పుడు పెట్టుకున్నాను అనేవి రాయను. రాసినా మీరు చదవరు. ఒక కోటు గురించి, నా చేతులారా చేసిన ఒక పెద్ద పొరపాటు గురించి చెబుతాను.

ఎర్ర దీపం

మా నాన్న మిషన్ బడిలో పంతులు. నేను డ్రాయింగు పరీక్ష పాసై, టీచరు ఉద్యోగం వస్తుందేమోనని ఎదురుచూస్తూ ఇంట్లో కూర్చున్న రోజులవి. చర్చికి వచ్చే ఒక పెద్దాయన చెబితే గుంటూరులో రాఘవయ్య గారి స్టూడియోకు వెళ్లాను. మిర్చి కొట్ల పక్కన, ఒక పాత మేడ మీద ఉండేది. ఆయనకు అప్పటికే యాభై దాటింది. నెత్తి మీద జుట్టు పల్చబడింది, నుదుటి మీద మూడు గీతలు, ఎడమ చెంప మీద ఒక లోతైన ముడత. ఆ గీతల్ని మీరు గుర్తుపెట్టుకోవాలి, ముందు ముందు వాటితో పని ఉంది.

ఆయన నన్ను ప్రశ్నలేమీ అడగలేదు. చెంప దగ్గర చిరిగిపోయిన ఒక ముసలామె ఫోటో చేతికిచ్చి, "ఈ చెంప అతుకమ్మా చూద్దాం" అన్నారు. అతికాను. భూతద్దం పెట్టి చూసి, "రేపు తొమ్మిదింటికి రా" అన్నారు. అంతే, ఉద్యోగం.

మా పనిముట్లు చూస్తే మీకు నవ్వొస్తుంది. మూడు వెంట్రుకలు మిగిల్చి మిగతావి కత్తిరించేసిన కుంచె. సగానికి విరిచిన బ్లేడు. పెన్సిళ్లు, రంగు గొట్టాలు, దూది, ఒక సీసాలో టర్పెంటైను. మిర్చి సీజన్లో కిటికీ తెరిస్తే ఘాటు లోపలికొచ్చేది. ఒకసారి దగ్గు ఆపుకోలేక ఒక రిటైర్డు తహసీల్దారు గారి ముక్కు మీద పుట్టుమచ్చ పెట్టాను. ఆయన భార్య దాన్ని చూసి, "ఈ మచ్చ ఎప్పుడూ లేదే, ఇన్నాళ్లూ నేను సరిగ్గా చూడలేదేమో" అంది పాపం. 

పత్తి సీజన్లో జిన్నింగు మిల్లు నుంచి దూది పోగులు గాలిలో తేలుతూ వచ్చి తడి ఫోటోల మీద వాలేవి. వాటిని పట్టకారుతో ఏరుతూ కూర్చునేదాన్ని. 

డార్క్ రూములో ఎర్ర దీపం కింద ఉన్నప్పుడు మాత్రం నాకు బయట పగలో రాత్రో తెలిసేది కాదు. తెల్ల కాగితాన్ని మందు నీళ్లలో వేసి తొట్టెను మెల్లగా ఊపుతుంటే, ముందు కళ్లు వచ్చేవి. తర్వాత మీసం, తర్వాత ముఖం చుట్టూ గది. ఎప్పుడో పోయిన మనిషి నీళ్లలోంచి పైకొచ్చి నన్ను చూసేవాడు. మొదటి నెలంతా భయమేసింది. తర్వాత అలవాటై, "రండి రండి" అని పలకరించేదాన్ని. నిజం చెప్పాలంటే ఆ గదిలో ఉన్నంత సుఖంగా నేనింకెక్కడా లేను.

రాఘవయ్య గారు నేర్పిన సూత్రం ఒకటే. "పైన ఎన్ని వేషాలైనా వెయ్యి. కిందదాన్ని ముట్టుకోకు." అంటే అసలు ఫోటో మీద చెయ్యి పెట్టకూడదు. దాన్ని కాపీ తీసి, పెద్దది చేసి, ఆ ప్రింటు మీద తుడిస్తే పోయే రంగులతో పనిచెయ్యాలి. నువ్వు చేసింది తప్పని రేపు తెలిస్తే వెనక్కి వెళ్లే దారి ఉండాలి. ఈ మాట విలువ నాకు ఏడెనిమిదేళ్ల తర్వాతగానీ తెలియలేదు.

ఒకే కోటు

చేరిన మొదటి ఏడే సత్తెనపల్లి నుంచి ఒక పంతులు గారు వాళ్లన్నయ్య ఫోటో తెచ్చారు. జర్మనీ వాడితోనూ జపాను వాడితోనూ యుద్ధం జరుగుతున్నప్పుడు దండులో చేరి తిరిగిరాలేదట. అన్నీ బాగుచేశాను. కోటుకు రెండో గుండీ ఊడిపోయి ఉంటే, ఎంత ముచ్చటగా ఉంటుందోనని మెరిసే గుండీ ఒకటి గీసి పెట్టాను. రాఘవయ్య గారు మెచ్చుకుంటారనుకున్నాను.

"ఎవరు పెట్టమన్నారు దీన్ని?" అని అరిచారాయన. నేనెప్పుడూ ఆయన అరవగా వినలేదు. 

తర్వాత తగ్గి, నన్ను డార్క్ రూములోకి తీసుకెళ్లి తలుపు వెనక మేకుకు తగిలించిన ఒక పాత కోటు చూపించారు. ఖాకీ రంగు వెలిసిపోయి, మెడ దగ్గర చిమటలు కొట్టేసి ఉంది. రెండో గుండీ లేదు.

"యుద్ధం రోజుల్లో నాకు ఇరవై రెండేళ్లు. మా నాయన పోయి ఈ స్టూడియో నా చేతికొచ్చింది. ఊళ్ల నుంచి కుర్రాళ్లు వచ్చి దండులో పేరిచ్చి, రైలెక్కేముందు ఫోటో దిగాలని వచ్చేవాళ్లు. బట్టలు క్యాంపుకి పోయాకే ఇస్తారు. చొక్కా కూడా సరిగ్గా లేనివాళ్లు, ఇంటికి ఏం ఫోటో పంపిస్తారు? అందుకని ఈ కోటు, ఒక టోపీ కొని పెట్టా. ఒకడు విప్పుతుంటే ఇంకొకడు తొడుక్కునేవాడు. ముందువాడి చెమట ఆరేది కాదు."

"గుండీ ఎందుకు కుట్టించలేదండీ?"

"అప్పుడు తీరికేదీ. తర్వాత కుట్టబుద్ధి కాలేదు."

ఫిల్ము దొరకని కాలం కాబట్టి మనిషికి ఒక్కటే తీసేవారట. కళ్లు మూసుకుంటే కళ్లు మూసుకున్న ఫోటోయే. అలాంటివి తెచ్చి కళ్లు తెరిపించమని అడిగినవాళ్లు నాకూ తగిలారు. తెరిపించాను కూడా. వాళ్ల ముఖాలు గుర్తున్నాయా అని రాఘవయ్య గారిని అడిగాను. "కోటు గుర్తుందమ్మా. ముఖాలు గుర్తులేవు" అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు.

నేను గీసిన గుండీని దూదితో తుడిచేశాను. ఆ తర్వాత నా సర్వీసంతా ఆ కోటు నాకు ఎదురవుతూనే ఉంది. బాపట్ల నుంచి వచ్చింది, నరసరావుపేట నుంచి వచ్చింది, ఒంగోలు అవతల పల్లెల నుంచి వచ్చింది. ఒకే కోటులో వేరు వేరు ముఖాలు. ఒక ఇంట్లోవాళ్లు ఆ గుండీని తూటా ఎగరగొట్టిందని చెప్పుకునేవారు. ఎడారిలో ఇసుక తుపానులో ఊడిందని ఇంకొకళ్లు. నేను తల ఊపి వినేదాన్ని. ప్రపంచమంతా పట్టిన యుద్ధానికి మా జిల్లా కుర్రాళ్లు ఒక్క కోటులో వెళ్లారని నాకూ ఆయనకూ తప్ప ఎవరికీ తెలియదు. చెప్పాలని కూడా అనిపించలేదు.

వేటపాలెం నుంచి వచ్చిన పని

నేను పనిలో బాగా ఆరితేరి, కొంచెం పొగరు కూడా ఎక్కిన రోజుల్లో, వేటపాలెం దగ్గర నుంచి రత్తమ్మ అనే ఆమె వచ్చింది. నలభై దాటినామె. నేతపని వాళ్లు. రెండు ఫోటోలు బల్ల మీద పెట్టింది. ఒకటి బొటనవేలంత ముఖమున్న పాత ఫోటో, మళ్లీ అదే కోటు. ఆమె తండ్రి వీరయ్య. రెండోది తల్లి కోటమ్మది, అరవై ఏళ్ల మనిషి, నుదుట ఇంత బొట్టు.

"నాన్న నేను పుట్టకముందే దండులోకి పోయాడండి. కనపడటం లేదని కాగితం వచ్చింది, పోయాడని మాత్రం రాలేదు. అందుకని మా అమ్మ బొట్టు తియ్యలేదు, గాజులు తియ్యలేదు. ఇన్నేళ్లూ ఎవరూ ఏమనలేదు. ఇప్పుడు నా కూతురి పెళ్లి. పసుపు కొట్టే కాడ మా అమ్మ ముందుండాలని పిల్ల పట్టు. మగపెళ్లి వాళ్లేమో, ఇంతకీ ఆమె ముత్తైదువేనా కాదా అని గుసగుసలు" అంది రత్తమ్మ.

అందుకని ఆమెకొక ఆలోచన వచ్చింది. ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి, దండ లేకుండా, ఒక జంట ఫోటో గోడకు తగిలిస్తే నోళ్లు మూతపడతాయని. చిక్కల్లా వయసు దగ్గరే వచ్చింది. ఆయనకు ఇరవై రెండు, ఆమెకు అరవై.

"పక్కన పెడితే కొడుకులా ఉంటాడమ్మా, నవ్విపోతారు. కాస్త వయసు పెట్టు" అంది.

నాకు ఉత్సాహం వచ్చింది. ఎవరికీ చేతకాని పని నా దగ్గరికి వచ్చిందని మురిసిపోయాను. రెండు ఫోటోలూ కాపీ తీసి, ఆ కాపీల్ని పక్కపక్కన అతికి, పెద్ద ప్రింటు వేసి, దాని మీద వారం రోజులు కూర్చున్నాను. కోటు మీద తెల్ల లాల్చీ, కండువా వేశాను. జుట్టు నెరిపించాను. మరి ముసలితనం ఎక్కడి నుంచి తేవాలి? ఎదురుగా రాఘవయ్య గారు కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. వీరయ్య ఉంటే ఆయన ఈడువాడే. నుదుటి మూడు గీతలు, ఎడమ చెంప ముడత, మెడ కింద వదులు, అన్నీ చూసి చూసి దించాను.

ఆయన లేచి వచ్చి చూశారు. "ఏమ్మా, నా ముసలితనం ఊరికే దానం చేసేశావా?" అని నవ్వారు. తర్వాత నవ్వు ఆపి, "ఆమె చూసిందా దీన్ని?" అనడిగారు.

"ఎవరండీ?"

"పెళ్లాం."

"లేదండి. కూతురే చూసుకుంటానంది."

"పని తెచ్చిన మనిషి వేరు, ఫోటోలో మనిషి ఎవరికి కావాలో ఆ మనిషి వేరు. అడిగి చెయ్యాల్సింది" అన్నారు. 

ఈ పెద్దాయన చాదస్తం ఎక్కువైందనుకున్నాను. ఫ్రేము కట్టించి పంపేశాను.

కోటమ్మ గారు

పది రోజులు కాలేదు. మిట్టమధ్యాహ్నం, కింద కొట్లన్నీ భోజనాలకు మూశారు. నేను క్యారియరు విప్పుకుని కూర్చున్నాను. మెట్ల మీద గాజుల చప్పుడైంది. రూపాయంత బొట్టు, చేతినిండా మట్టి గాజులు, తానే నేసుకున్నట్టున్న ముదురు ఎరుపు చీర. ఫోటోలో నేను వారం రోజులు చూసిన మనిషి గుమ్మంలో నిలబడి ఉంది. చంకలో తువ్వాలు చుట్టిన ఫ్రేము, చేతిలో జీడిపప్పు పొట్లం.

"ఈడ ఫోటోలు గీసే అమ్మాయి ఎవరు తల్లీ?"

"నేనేనండి."

పొట్లం నా చేతిలో పెట్టింది. తువ్వాలు విప్పి ఫ్రేము బల్ల మీద ఆనించింది. నేను గీసిన ముసలాయన మీద వేలు పెట్టి, "యాడున్నాడు?" అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు.

"మా రత్తమ్మ నాకు చెప్పకుండా తెచ్చి గోడకి తగిలించింది. చూసి కూలబడ్డా. నలభై ఏళ్లయింది ఆయన మొహం చూసి. జుట్టు నెరిసింది, చెంపలు పీక్కుపోయినయి, అయితే మాత్రం నేను గుర్తుపట్టనా? గుంటూరులో చేయించా అంటది గాని అదేంటో సరిగ్గా చెప్పదు. ఫోటో దిగటానికి మీ కాడికి వచ్చాడుగా? ఎప్పుడొచ్చాడు? ఏ ఊళ్లో ఉంటున్నాడు?" గుక్క తిప్పుకుంది. "నా మీద కోపమేమన్నా చెప్పాడా? వేరే పెళ్లి చేసుకున్నా నేనేం అనను తల్లీ. ఒక్కసారి చూసొస్తా."

చేతిలో అన్నం ముద్ద అలాగే ఉంది. నా పనితనం చూసి వారం రోజులు మురిసిపోయాను చూడండి, అది చేసిన పని ఇదీ. నేను ఈ మనిషికి బతికున్న మొగుణ్ణి చూపించాను. ఇప్పుడు ఏ నోటితో లేడని చెప్పను?

"కూర్చోండమ్మా. ముందు మంచినీళ్లు తాగండి" అన్నారు రాఘవయ్య గారు తన కుర్చీలోంచి.

ఆమె కూర్చుంది. అడగకుండానే చెప్పడం మొదలుపెట్టింది. కలలో మాట్లాడే మనిషిలా, కిటికీలోంచి వచ్చి గాలిలో తేలుతున్న దూది పోగుల్ని చూస్తూ చెప్పింది.

"ఆ రోజుల్లో నూలు రావటం ఆగిపోయింది. ఊళ్లో మగ్గం చప్పుడు లేదు. మద్రాసు మీద బాంబులేస్తారని బంధువులంతా పిల్లాజెల్లాతో మా ఇంటికొచ్చి పడ్డారు. సముద్రం మీద విమానం చప్పుడైతే చాలు, పొయ్యి మీద కూడు వదిలేసి తోటల్లోకి పరిగెత్తేవాళ్లం. దీపానికి నల్ల కాయితం చుట్టేవాళ్లం. చీరకి గుడ్డ చాలక మోకాళ్ల కాడికి కట్టుకున్నాం, నేసేవాళ్లమై ఉండి. ఈడ కూకుని చేసేదేముంది, రెండేళ్లలో వస్తా అన్నాడు. రత్తమ్మ నా కడుపులో ఉంది. మూడు ఉత్తరాలొచ్చినయి. బర్మా అడివంట. వాన ఆగదంట. కాళ్లకి జలగలు పట్టుకుంటే ఉప్పు రాస్తారంట. ఒక ఉత్తరంలో సగం మీద సిరా పూసి పంపారు సర్కారోళ్లు. ఏం రాశాడో ఏమో. ఇప్పటికీ ఎండలో పెట్టి చూస్తుంటా. తర్వాత కనపడటం లేదని కాయితం వచ్చింది. కనపడటం లేదన్నారు, అంతే కదా? నేను దాన్నే పట్టుకుని ఉన్నా."

రాఘవయ్య గారు గ్లాసు అందుకోవడానికి పక్కకు తిరిగారు. కిటికీ వెలుగు ఆయన నుదుటి మీద పడింది. కోటమ్మ గారి మాట ఆగిపోయింది. నేతలో ఒక్క పోగు తప్పినా పట్టుకునే కళ్లు అవి. ఆయన్ని చూసింది. ఫోటో చూసింది. మళ్లీ ఆయన్ని చూసింది.

"అయ్యా, ఇట్టా తిరగండి."

ఆయన తిరిగారు. ఎందుకు తిరగమందో ఆయనకు తెలుసు. అయినా తిరిగి, ముఖం వెలుగులో పెట్టి కదలకుండా కూర్చున్నారు.

"ఈ గీతలు మీయిగా" అంది.

నేను ఏడ్చేశాను. "అవునండి. ఆయన్ని నేను చూడలేదు. ఎవరూ చూడలేదు. చిన్న ఫోటో మీదే అన్నీ నేను పెట్టాను. మిమ్మల్ని అడక్కుండా పెట్టాను."

ఆమె తిడితే బాగుండేది. తిట్టలేదు. "ఎట్టా పెట్టావు? చూపించు" అంది.

ఫ్రేము విప్పి, దూదిని టర్పెంటైనులో ముంచాను. ముందు జుట్టు తుడిచాను. నెరుపు పోయి నల్లగా వచ్చింది. నుదుటి మీద గీతలు ఒక్కొక్కటీ పోయాయి. చెంప నిండింది. మెడ నిటారుగా నిలబడింది. కండువా పోయింది, లాల్చీ పోయింది. కింద కోటు బయటపడింది. ముసలాయన లోంచి ఇరవై రెండేళ్ల కుర్రవాడు లేచి, అరవై ఏళ్ల ఆమె పక్కన కూర్చున్నాడు.

"చాలు తల్లీ" అంది.

చాలాసేపు చూసింది. ఆమె దగ్గరున్నది బొటనవేలంత ముఖం, అదీ ముట్టుకుని ముట్టుకుని అరిగిపోయింది. ఇంత పెద్దగా ఆయన్ని చూడటం అదే మొదటిసారి.

"ఎంత పిల్లాడు!" అంది. "నాతో పాటే ఆయనకీ వయసొస్తా ఉందనుకున్నా. నాకు పళ్లు కదిలితే ఆయనకీ కదిలి ఉంటయ్యిలే అనుకునేదాన్ని. నా మనవరాలికి కాబోయే మొగుడు వీడికంటే పెద్దోడు."

తర్వాత కోటు మీద వేలు పెట్టింది. "ఈ గుండీ చూశావా? ఫోటో వచ్చిన రోజే చూశా. అక్కడ ఆయనకి ఎవరు కుడతారని దిగులేసింది. రాంగానే కుట్టాలని ఇత్తడి గుండీ ఒకటి సంపాదించి కుంకుమ భరిణెలో ఏశా. ఇంకా అందులోనే ఉంది."

రాఘవయ్య గారు లేచి డార్క్ రూములోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. ఆ తలుపు వెనకే కోటు ఉంది. నేను కుర్చీలోంచి కదల్లేదు. ఒక నిజం చెప్పి అప్పుడే ఆ మనిషికి మొగుడు లేకుండా చేశాను. రెండో నిజం చెప్పి ఆ గుండీ కూడా లేకుండా చెయ్యడానికి నాకు నోరు రాలేదు. తప్పంటే తప్పే కావచ్చు. ఈ రోజుకీ చెప్పనందుకు నాకు బాధ లేదు.

కోటమ్మ గారు కళ్లు తుడుచుకుని, "ఇది పెళ్లికి పనికిరాదు. మళ్లీ ముసలాణ్ణి చెయ్యి" అంది.

"ఏంటండీ?"

"పెళ్లి నాలుగు రోజులుంది. ఆ పిల్లకి నా చేత్తో పసుపు కొట్టాలి. నలభై ఏళ్లు నిలబడ్డా, ఇంకో నాలుగు రోజులు నిలబడలేనా? అది అత్తారింటికి పోయాక నేనే వస్తా. ఈసారి మాత్రం ఆయన గీతలొద్దు. నేను చెప్తా, నువ్వు పెట్టు."

ఆ మధ్యాహ్నాన్ని నేను మళ్లీ బతకమన్నా బతుకుతాను. కిటికీ పక్కన ఇద్దరం కూర్చున్నాం. ఆమె చెబుతోంది, నేను పెడుతున్నాను. "మా మామకి ముందు జుట్టు పోయింది, చెవుల కాడ ఉండేది. ఈయనకీ అట్టాగే పోయుండేది." "నవ్వితే కళ్ల పక్కన మూడు మడతలు పడేయి, అప్పుడే. ఇక్కడ, ఇంకొంచెం కిందకి." "ఏదన్నా అబద్ధం చెప్పేప్పుడు ఈ కనుబొమ్మ లేచేది, కాస్త లేపు." ఒకచోట ఆగి, "కోపమొస్తే పెదవి కొరికేవాడు. ముసలాడయ్యాక మానేసుంటాడంటావా?" అని నన్నడిగింది. మానేసుంటాడండి అన్నాను. సరే అయితే పెట్టొద్దు అంది. వాళ్లిద్దరూ కాపురం చెయ్యని నలభై ఏళ్లు, ఆ రెండు మూడు గంటల్లో ఆమె నాతో గీయించింది.

సాయంత్రం రైలు టైముకి పూర్తయింది. "రంగు తడి ఆరలేదండి, ముట్టుకోకండి" అన్నాను. "ఇన్నేళ్లు ముట్టుకోలేదు, రెండు రోజులకేం?" అని తువ్వాలు వదులుగా చుట్టుకుని మెట్లు దిగింది. రాఘవయ్య గారు అప్పటిదాకా బయటికి రాలేదు.

చిన్న దండ

రమ్యా, నేను నీ కంప్యూటరు మీద కోపంతో ఇదంతా రాయలేదు. నేను కుంచెతో చేసిందే నువ్వు మీటతో చేస్తున్నావు. కాకపోతే నువ్వు పెట్టిన ఆ నవ్వు ఎవరిదో నీకు తెలియదు. నేనైతే రాఘవయ్య గారి గీతలు పెట్టాను, అడిగితే ఇదిగో ఈయనవి అని చూపించగలిగాను. నీ ఫోటోలో కుర్రవాడికి ఎవరి నవ్వు వచ్చిందో మెషీను చెప్పదు. కిందదాన్ని ముట్టుకోకు, దాన్ని వేరేగా దాచిపెట్టు. ఆ ముఖం కోసం ఎవరైనా ఇంకా ఎదురుచూస్తున్నారేమో ముందు కనుక్కో. ఎవరూ లేరంటే అప్పుడు నవ్వించుకో.

పెళ్లయిన వారానికి కోటమ్మ గారు వచ్చింది. అన్న మాట తప్పని మనిషి. అదే బొట్టు, అవే గాజులు, కాళ్లకు పెళ్లి పసుపు ఇంకా పోలేదు. పసుపు కొట్టేటప్పుడు తనే ముందు రోకలి పట్టిందట, ఎవరూ కిక్కురుమనలేదట. మగపెళ్లి వాళ్ల పెద్దామె ఫోటో చూసి, "మీ ఆయన మంచి కళగా ఉన్నాడు" అందట. చెబుతూ సిగ్గుపడింది. అరిసెల డబ్బా రాఘవయ్య గారి ముందు పెట్టి, ఫోటో నా ముందు పెట్టింది.

"ఇంక తుడువు."

తుడిచాను. ఈసారి ఆమె చెప్పి పెట్టించిన మడతలు కాబట్టి చెయ్యి ఆడలేదు. ఆమే నా మణికట్టు పట్టుకుని నడిపించింది. జుట్టు నల్లబడింది, కనుబొమ్మ దిగింది, కోటు బయటికొచ్చింది.

"దండ వెయ్యి" అంది.

మా దగ్గర పోయినవాళ్లకు వేసే దండకు ఒక లెక్క ఉండేది. రెండు భుజాల నుంచి బొడ్డు దాకా, నిండుగా, మల్లెలు మధ్యలో ఎర్ర గులాబీలు. ఎన్ని వందలు వేశానో, కళ్లు మూసుకుని వెయ్యగలను. తెల్ల రంగు తీసి, వెడల్పు కుంచె ముంచి, ఆయన భుజం మీద ఆనించబోయాను.

కోటమ్మ గారు నా చెయ్యి ఆపింది.

"అంత పెద్దది ఒద్దు తల్లీ. పిల్లాడు. మెడ లాగుద్ది. చిన్నదెయ్యి."

చిన్నదే వేశాను. రెండో గుండీ లేని చోటు కనపడేలా, దానికంటే పైనే ఆపేశాను.